ఐదుకు రెండు

పిల్లలకు ఉపన్యాసాలివ్వొద్దని హన్మకొండలో మాకు మూడు రోజులు ఉపన్యాసమిచ్చారు. సైన్సు టీచర్లందరం కుర్చీలకు అతుక్కుపోయి, ‘పిల్లలు చేసి నేర్చుకోవాలి’ అన్న వాక్యాన్ని తెర మీది నుంచి నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకున్నాం. ఆఖరున చప్పట్లు కొట్టించి సర్టిఫికెట్లిచ్చారు. నాది బీరువాలో ఉంది, చెదలు కూడా ముట్టలేదు.

చేసి నేర్చుకున్నారనడానికి సాక్ష్యం ప్రాజెక్టు. ఏడాదికి నాలుగుసార్లు, ఐదేసి మార్కులకు. మా కొత్తవాడ బడి ఎదుట జిరాక్స్ షాపాయన దగ్గర ఏ పాఠానికైనా ప్రాజెక్టు తయారుగా దొరుకుతుంది. పిల్లలు దాన్ని చూసి రాస్తారు, నేను చూడకుండా మార్కులేస్తాను. తనిఖీకొచ్చిన సారు రిజిస్టరులో గడులు నిండాయో లేదో చూసి, చాయ్ తాగి పోతాడు. అందరం చాలా చురుగ్గా పాల్గొంటాం.

ఆమ్లాలు, క్షారాల పాఠమప్పుడు ఒక పిల్ల మాత్రం కాగితాలు తేలేదు. వాళ్ల నాన్న జంపఖానాలు నేస్తాడు. ఇంట్లో మిగిలిన నూలు పోగుల్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టింది. సబ్బునీళ్లు తగిలి ఎర్రబడ్డ పోగు, ఆపైన నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగుకొచ్చిన పోగు, అన్నీ ఒక అట్టకు కుట్టి తెచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“సార్, ఎర్రగైనదాన్ని ఉత్త నీళ్లల్ల మంచిగ జాడిస్తె గూడ మళ్ల పసుప్పచ్చగైతాంది. నిమ్మకాయ పిండకున్నా. ఎందుకు సార్?”

“ముందుగాల రాసింది ఏది?”

“రాయలే సార్. చేసిన.”

“చేస్తె అయిపాయెనా? ఉద్దేశం, పరికరాలు, ముగింపు ఏవి?”

ఆమె అడిగినదానికి జవాబు నాకు తెలుసు. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. గడులు నింపే తొందరలో ఐదుకు రెండు వేసి, అట్టను బల్ల కిందికి తోశాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ పట్టించుకోలేదు. నోరెత్తని పిల్లల్ని బుద్ధిమంతులనుకునే జాతి మాది.

తర్వాతి ప్రాజెక్టుకు పన్నెండు పేజీలు తెచ్చింది. చుట్టూ స్కెచ్ పెన్ను బార్డరు, గుండ్రటి అక్షరాలు. ‘నేను ఈ ప్రయోగం చేసి గమనించిన అంశాలు’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. అది షాపాయన వాక్యమే. నాకు సిగ్గేసింది. గొంతు తగ్గించి అడిగాను.

“ఇది నువ్వు చేసినవా బిడ్డా?”

ఆమె మొహంలో వెటకారమేమీ లేదు. నిజంగానే బెదిరిపోయింది.

“చేసుడు గూడ ఉండాల్నా సార్?”