చాయ్ ముట్టని సిస్టరమ్మ

ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుంటే పాస్టరుగారి భార్య వచ్చి నా చేయి పట్టుకుంది. మొఘల్‌పురా సిస్టరమ్మ తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని చెప్పింది. నేను తిరిగి లోపలికి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. చిన్న తమ్ముడికి ఎలా చెప్పాలా అన్నదే మనసులో ఉంది.

ఆమెను ఎరగనివారికి నాలుగు మాటలు చెప్పాలి. సిస్టరమ్మ ఓ పెద్దాసుపత్రిలో, మనసు బాగాలేనివాళ్ళ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. తర్వాత ఇంట్లో కూర్చోలేదు. అలాంటివాళ్ళ గురించి డాక్టరు దగ్గరో, ఠాణాలోనో, ఇంటి పెద్దల ముందో మాట నడుస్తుంటే, వెళ్ళి వాళ్ళ పక్కన కుర్చీ వేసుకునేవారు. ఎదురుగా కాదు, పక్కన. వాళ్ళేమనుకుంటున్నారో అడిగి, చెప్పేదాకా ఆగి, ఆ మాటనే అందరికీ వినిపించేవారు. సొంత మాట ఒక్కటి కలిపేవారు కాదు.

మా ఇంటికి అలాగే వచ్చారు. అమ్మా నాన్నా పోయాక ఛత్రినాకలో ఇంటికి పెద్దను నేనే. చిన్న తమ్ముడు లాడ్ బజార్‌లో లక్కగాజులకు రాళ్ళు అద్దేవాడు. ఇరవై దాటాక వాడికి ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం మొదలైంది. ఒకరోజు ఆ పిలుపు వెంటే వెళ్ళిపోయాడు. మూసీ వంతెన దగ్గర పిట్టగోడ మీద కూర్చుని దొరికాడు. అప్పటినుంచి పెద్ద తమ్ముడూ నేనూ పనికి వెళ్ళేటప్పుడు వాడి గదికి బయటినుంచి గొళ్ళెం పెట్టేవాళ్ళం. లోపల అన్నం, నీళ్ళు, బైబిలు. మా బస్తీలో చాలా ఇళ్ళలో అంతే. బిడ్డ మీద పాణం ఉన్నవాళ్ళు చేసే పనే అది అనుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు వాడు అన్నం మానేశాడు. ఆసుపత్రిలో చేర్పించాం.

నయమైంది, ఇంటికి తీసుకుపోండని డాక్టరు కబురు పెట్టారు. వాడేమో రానన్నాడు. ఎందుకో చెప్పలేదు. అప్పుడు పాస్టరుగారు సిస్టరమ్మను మా ఇంటికి పంపారు. ఆమె మా మాటంతా విన్నారు. నేను చాయ్ తెస్తే కప్పు ముట్టలేదు.

పెద్ద తమ్ముడికి కోపమొచ్చింది. "ఏంది సిస్టరమ్మా, మా చాయ్‌ల విషం గిట్ల కలుపుతమా?"

"విషం గాదురా, చక్కెరతోనే డేంజర్. మీ చాయ్ తాగితే మీ దిక్కు మాట్లాడబుద్దయితది," అని నవ్వారామె. "నేను డాక్టర్ మనిషిని గాదు, మీ మనిషిని గాదు. గీ పని అయ్యేదాంక ఆయన మనిషిని."

ఇంట్లో మేమందరం తమ్ముణ్ని 'వాడు' అంటాం. ఆమె నోట ఎప్పుడూ 'ఆయన' అనే వచ్చేది.

మర్నాడు రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు నా వైపు చూసి, "తింటున్నాడు, నిద్రపోతున్నాడు. ఇంకేం కావాలమ్మా అతనికి?" అన్నారు.

"డాక్టర్ గారూ, ఆయన ఈడనే కూసున్నడు. ఆయన్నే అడుగుండ్రి," అన్నారు సిస్టరమ్మ. తమ్ముడి వైపు తిరిగి, "బిడ్డా, ఇంటికి పొమ్మంటున్నరు. నువ్వేమంటవ్?" అని అడిగారు.

వాడు తల వంచుకున్నాడు. డాక్టరు గడియారం చూసుకున్నారు. పెద్ద తమ్ముడు నోరు తెరవబోతే సిస్టరమ్మ వేలెత్తి ఆపారు. రానంటే వాడు ఇక ఆ గోడల మధ్యే ఉండిపోతాడు. అక్కడ అలా ముసలివాళ్ళైనవాళ్ళను చూస్తూనే లోపలికి వచ్చాను.

చాలాసేపటికి వాడన్నాడు. "ఇంటికొస్త. గొళ్ళెం బయటికెల్లి పెట్టొద్దు. పనికి పోత."

సిస్టరమ్మ ఆ మాటలే తిరిగి చెప్పారు, ఒక్కటీ మార్చకుండా.

"మల్ల ఎటన్న పోతే? మూసీల పడ్డంక ఎవర్ని అడగాలె?" అని లేచాడు పెద్ద తమ్ముడు.

"మీ అన్న అడుగుతుండు. ఆయనకు నీ ఫికరే. ఏం చెప్పమంటవ్?"

"పోయేటప్పుడు అక్కకు చెప్పి పోత."

అందరూ నన్నే చూశారు. సరేనన్నాను. ఆ ఒక్క మాట అనడానికి దేవుడు నా చేయి పట్టుకోవలసి వచ్చింది.

బస్టాపులో సిస్టరమ్మ నాతో మెల్లగా అన్నారు: "నాకూ భయమే బిడ్డా. నా తమ్ముడైతే నేనూ గొళ్ళెం పెడుదునేమో. గని నా భయం చెప్పుకోనీకి రాలే గదా నేను."

వడ్రంగి వచ్చి గొళ్ళెం ఊడదీసి తలుపుకు లోపలివైపు బిగించాడు. తమ్ముడు పనిలోకి వెళ్ళాడు. "అక్కా, పోతున్న," అని గుమ్మంలోనుంచి కేకేసేవాడు. సాయంత్రం వాడి అడుగుల చప్పుడు వినేదాకా నా పెదవులు ప్రార్థన చేస్తూనే ఉండేవి.

అంతా సవ్యంగా సాగిందని చెప్పను. ఒక బోనాల పండుగ నాడు డప్పుల మోతకు వాడు చెదిరిపోయి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు. సిస్టరమ్మ మాతోపాటు చార్మినార్ దాకా గల్లీ గల్లీ తిరిగారు. మసీదు మెట్ల మీద దొరికాడు. పెద్ద తమ్ముడు గొళ్ళెం మాట మళ్ళీ ఎత్తాడు. ఆమె వాదించలేదు. "ఆయన్నే అడుగుదాం," అన్నారంతే. అడిగితే, డప్పులున్న రోజుల్లో మొఘల్‌పురాకు పోయి సిస్టరమ్మ ఇంట్లో ఉంటానన్నాడు. ఏటా ఉన్నాడు. ఆ ఇంట్లో ఆమె మా అందరికీ చాయ్ పోసి తానూ తాగేవారు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. వాడు ఏడవలేదు. తెల్ల చొక్కా వేసుకుని మాతో వచ్చాడు. సమాధుల తోటలో మా లాంటి ఇళ్ళవాళ్ళు చాలామంది కనిపించారు. ఒకరికొకరం ఎరగం. ఆమె ఎవరి ఇంటి మాటా మరో ఇంట్లో చెప్పేవారు కాదు.

తలో గుప్పెడు మట్టి వేశాం. జనం కదిలారు. పొద్దు వాలుతోంది. పెద్ద తమ్ముడు వాడి భుజం మీద చేయి వేసి, "పోదాం పారా," అన్నాడు.

"మీరు పోండ్రి. నేనింకింతసేపు ఉంట."

పెద్ద తమ్ముడు నా ముఖం చూశాడు. నేను తలూపాను. ఇద్దరం నడిచాం. గేటు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కొత్త మట్టిలో పెద్ద పెద్ద గడ్డలు ఏరి, వేళ్ళతో మెత్తగా పొడి చేసి, ఆమె మీద చల్లుతున్నాడు.