ముప్పై లీటర్ల జున్ను

ఒక్క పొద్దుటిపూట ముప్పై లీటర్ల పాలను, మొదటి ఆర్డరును, అత్తగారి ముందు నా పరువును ఒకే మిషనులో పోసి ఉడకబెట్టిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

చందర్లపాడు దగ్గర మా పొలంలో, గేదెల కొట్టం పక్కనే, పాలు కాచి చల్లార్చే చిన్న మిషను పెట్టాను. నేనా, విజయవాడ అపార్ట్‌మెంటులో పెరిగినదాన్ని. మూడు రోజుల ట్రైనింగు, చేతిలో పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు. ఇంక నన్ను పట్టేవారెవరు! పాలకి మొదటి ఆర్డరిచ్చిన నందిగామ స్వీటు షాపాయన ముందే చెప్పాడు: "పదింటికల్లా నేనే వస్తానండి. మొదటిరోజే తేడా వస్తే మాత్రం ఇంక వద్దు."

ఆ పొద్దున అత్తయ్య రెండు బిందెలు విడిగా పెట్టారు.

"అమ్మాయ్, అవి కలపమాకు. నిన్న ఈనిన గేదెలవి."

మీటరు వేశాను. మునగదే! బయటికి దూకుతుందేమో అన్నట్టు పైకి లేచింది. పాలేమో పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఇంత మంచి పాలు పక్కన పెడతారా? మీటరు చూడండి!"

"ఆ మీటరు ఏనాడన్నా పాలు పితికిందా? నా మాటిను."

ఆవిడ దాణా కలపడానికి వెళ్లగానే రెండు బిందెలూ మిషనులోని మిగతా పాలలో కుమ్మరించి స్విచ్ నొక్కాను.

కాసేపటికి లోపల తిరిగే గరిట మూలిగి ఆగిపోయింది. కంగారులో మిషను పుస్తకం వెతుకుతూ వేడి ఆపడం మరిచాను. మూత తీద్దును కదా, అబ్బ! పాలు లేవు. అంచు నుంచి అంచు దాకా లేత పసుపు రంగులో, నున్నగా, ఒక్క ముడత లేకుండా గడ్డకట్టి ఉంది. తడితే మొత్తం ఒక్కసారిగా వణికింది. ఆర్డరు పోయిందని ఏడుపొస్తోంది, చూపు మాత్రం తిప్పుకోలేకపోయాను. అప్పటిదాకా నాకు జున్నంటే షాపులో కప్పులో అమ్మేదే.

అత్తయ్య వచ్చి, తిట్టకుండా, వేలికి కాస్త తీసుకుని నాలుకకు రాసుకున్నారు.

"వంకరకొమ్ముల దానివి ఎక్కువ పడ్డాయి" అన్నారు.

ఏ గేదె పాలో ఆ వేలికి తెలుసు!

అంతలో షాపాయన బండి వచ్చింది. "పాలేవండి?"

అత్తయ్య బెల్లం తురుము చల్లి పళ్లెంలో ఓ ముక్క పెట్టారు. ఆయన కళ్లు మూసుకుని తిన్నాడు.

"అమ్మగారూ, ఇదంతా నాకిచ్చెయ్యండి. ఎంతైనా ఇస్తా."

"జున్ను అమ్ముకుంటామా నాయనా? పంచుకోవాలి గానీ. ఓ క్యాను తీసుకెళ్లి పిల్లలకి పెట్టు."

మిగతాది ఊళ్లో పంచాం. ఆయన బండెక్కుతూ నావైపు తిరిగాడు.

"రేపట్నుంచి పాలు తీసుకుంటానమ్మా. కాకపోతే ఒకటే షరతు. మీరు చూడొద్దు, అమ్మగారు చూడాలి."

అందుకని కొట్టంలోని గేదెలన్నిటి ఎదుట, లాక్టోమీటరు చేతబట్టి ప్రమాణం చేశాను: అత్తయ్య వేలు ముంచనిదే ఈ జన్మలో ఆ స్విచ్ జోలికి పోను.