నా నాడి తగ్గింది, చెల్లి నాడి తగ్గలేదు

ఆ రోజు మంగళవారం. సాయంత్రం పాఠానికి పద్మ వచ్చింది. పద్మ బ్యాంకులో పనిచేస్తుంది. ముప్పై దాటాక వయొలిన్ మీద సరదా పుట్టి నా దగ్గర చేరింది. కమాను నెమ్మదిగా లాగుతూ ఒక్క స్వరాన్ని ఎంతసేపు నిలపవచ్చో చూపిద్దామని షడ్జం పట్టుకున్నాను. నాదం నిలవలేదు. సన్నగా అదిరింది. మళ్ళీ పట్టాను. మళ్ళీ అదే.

"టీచర్, మీ కమాను వణుకుతన్నాది," అంది పద్మ.

చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను. కాదు. ఆ అదురు ఒక లెక్క ప్రకారం వస్తోంది. ఛాతీలో కొట్టుకునే ప్రతి దెబ్బా భుజం మీదుగా దిగి కమాను దాకా వస్తోంది. పద్మ తన ఫోనులో సెకన్లు చూస్తుంటే నేను మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి నూట ఎనిమిది. అప్పటికి అరగంట నుంచి చాప మీద కదలకుండా కూర్చునే ఉన్నాను.

పద్మ వెళ్ళిపోయాక తలుపు వేసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. అమ్మ గుర్తొచ్చింది.

మా నాన్న అరసవల్లిలో ఉంటూ గుళ్ళో సన్నాయి వాయించేవారు. మేమిద్దరం ఆడపిల్లలం, నేనూ, నాకంటే ఐదేళ్ళు చిన్నది సుభద్రా. అమ్మ పోయేముందు రెండేళ్ళపాటు ఒకటే మాట అనేది. "గుండెలో దడదడలాడుతన్నాదే." ఎవరూ పట్టించుకోలేదు. వీధి చివరి డాక్టరు నీరసం అని టానిక్కు రాసిచ్చాడు. ఒక పొద్దున్న గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అలాగే గోడకి ఒరిగిపోయింది. యాభై ఒకటో ఏడు. నాకిప్పుడు నలభై తొమ్మిది.

మర్నాడు మా ఆయన సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగి. ఆయన బస్సు అందుకోవాలంటే నేను నాలుగింటికి లేచి క్యారేజీ కట్టాలి. తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు పని, సాయంత్రం ఇంట్లో పాఠాలు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

హార్టు డాక్టరు చిన్నావిడ. ఈసీజీ తీయించారు. రక్తం తీసుకుని హీమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చూశారు. గుండెకి స్కానింగు, అదే టూడీ ఎకో, చేశారు. చివరికి హోల్టర్ అని ఒక చిన్న పెట్టె ఛాతీకి తగిలించి ఇంటికి పంపారు. ఒక రోజంతా అది నా గుండెని రాసుకుంటుందట. ఆ పెట్టెతోనే వంట చేశాను, దాంతోనే పడుకున్నాను. లోపల ఏం రాస్తోందో తెలియని ఆ ఒక్క రోజు నాకు ఏడాదిలా గడిచింది.

రిపోర్టులన్నీ ముందేసుకుని డాక్టరమ్మ చెప్పారు. "సైనస్ టాకీకార్డియా. అంటే కొట్టుకునే పద్ధతి సరిగ్గానే ఉంది, వేగమే ఎక్కువ. వాల్వులు బాగున్నాయి, పంపింగ్ బాగుంది, థైరాయిడ్ నార్మల్. హీమోగ్లోబిన్ కొంచెం తక్కువ. ఇప్పుడు నేనడిగినవాటికి దాచకుండా చెప్పండి."

కాఫీ ఎన్నిసార్లన్నారు. ఏడు గ్లాసులు. నిద్ర? నాలుగున్నర గంటలు. నడక? బస్టాపు దాకా. నీళ్ళు? ఆ ప్రశ్నకి నాకు సిగ్గేసింది. మా స్కూల్లో టీచర్ల బాత్రూం తలుపుకి గడియ లేదు. అందుకని పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా నీళ్ళు ముట్టను. మేమందరం అంతే.

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "మీరు కూర్చునే ఉన్నారు గానీ మీ గుండె పగలంతా మెట్లెక్కుతోంది. ఎన్నేళ్ళు ఎక్కగలదో నేను చెప్పలేను. ఐరన్ మాత్రలు రాస్తాను. వేగం తగ్గడానికి మాత్ర ఇప్పుడే వద్దు. మూడు నెలలు మీ అలవాట్లు మార్చి చూపించండి."

మర్నాడు పొద్దున్నే వంటింటి క్యాలెండరు మీద మొదటి అంకె వేశాను. రోజూ పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకుండా, నాడి చూసుకుని అక్కడ రాయాలి.

మొదటి పది రోజులు నరకం. కాఫీ ఒక్కసారిగా మానేసరికి తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఎవరు మానమన్నారు? తగ్గించమన్నాను," అని కోప్పడ్డారు. రెండు రోజులకి ఒక గ్లాసు చొప్పున తగ్గించుకుంటూ రెండు గ్లాసులకి వచ్చాను. మా ఆయన క్యారేజీకి రాత్రే కూర తరిగిపెట్టడం మొదలుపెట్టారు. దాంతో నా నిద్ర ఆరు గంటలయింది. స్కూల్లో నలుగురు టీచర్లం వెళ్ళి కరస్పాండెంటు ముందు నిలబడ్డాం. మగవాడి ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. చివరికి నేనే చెప్పాను. వారంలో గడియ వచ్చింది. నీళ్ళ సీసా తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

నడక మాత్రం నన్ను భయపెట్టింది. రెండో వారంలో తొందరపడ్డాను. అంకె గబగబా తగ్గాలని మా ఊరి కోట పక్క రోడ్డు మీద దాదాపు పరిగెత్తాను. ఉన్నట్టుండి చెవులు మూసుకుపోయాయి, రోడ్డు మసకబారింది. ఒక టిఫిన్ బండి పక్కన కూలబడ్డాను. బండావిడ మొహాన నీళ్ళు కొట్టి, "ఏటమ్మా, ఎవులు తరుముతన్నారు నిన్ను?" అంది. అప్పటినుంచి మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే.

మూడో వారానికి తొంభై ఎనిమిది. రెండు నెలలకి ఎనభై ఎనిమిది. మధ్యలో జ్వరం వచ్చి మళ్ళీ నూట నాలుగుకి ఎగబాకింది. ఆ నాలుగు రోజులూ క్యాలెండరు వైపు చూడలేదు. నాలుగో నెల చివర ఒక పొద్దున్న లెక్కపెడితే డెబ్భై ఆరు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను. డెబ్భై ఐదు.

ఇక్కడితో అయిపోతే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

సుభద్ర పెళ్ళయ్యాక కూడా అరసవల్లిలోనే ఉండిపోయింది. మరిది ప్రకాశరావు, అదీ కలిసి గుడి దారిలో కొబ్బరికాయలూ పువ్వులూ అమ్ముతారు. నా పరీక్షల సంగతి మొదట్లోనే ఫోన్లో దానికి చెప్పాను. అది నవ్వింది.

"నాకూ అలగే ఉంటాదక్కా. మెట్లెక్కితే ఎగూపిరి కూడాను. ఏటైపోద్ది?"

"నాడి చూసుకో."

చూసుకుంది. నూట పన్నెండు. నేను డాక్టరులా మొదలుపెట్టాను. కాఫీ తగ్గించు, నీళ్ళు తాగు, పొద్దున్నే నడువు, పెందలాడే పడుకో. నాకు పనిచేసిందిగా. ఒక కడుపున పుట్టినవాళ్ళం, ఒకే దడ, ఒకే మందు అనుకున్నాను. నన్ను ఆ అలవాట్ల దాకా పంపడానికి ముందు డాక్టరమ్మ నాలుగు పరీక్షలు చేయించారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

ప్రతి ఆదివారం రాత్రి అది తన అంకె చెప్పేది. నూట పది. నూట పద్నాలుగు. నూట పదకొండు. నావి దిగుతున్నాయి, దానివి దిగడం లేదు.

"నడుస్తున్నావా?"

"నడస్తన్నానక్కా. సగం దూరం ఎల్లేసరికి ఆయాసం వచ్చేస్తాది, కూకుండిపోతన్నాను."

"అదే మరి. కూర్చుంటే ఎలా తగ్గుతుంది? నడకలో దొంగతనం చేసి నాకు కబుర్లు చెప్పకు."

ఈ మాట నేనన్నాను. ఇప్పుడు చెరపలేను.

పుష్యమాసంలో ఒక సెలవు రోజు వెళ్ళాను. దుకాణం వెనక గదిలో అది దిండు మీద దిండు వేసుకుని జేరబడి ఉంది. పడుకుంటే దగ్గు వస్తోందట. కాళ్ళ మీద వేలితో నొక్కితే గుంట పడింది. మణికట్టు పట్టుకున్నాను. జీవితమంతా తాళం వేసిన వేళ్ళు ఇవి. ఆ నాడికి తాళం దొరకలేదు. గబగబా రెండు దెబ్బలు, ఒక ఖాళీ, తర్వాత అందీ అందని చిన్న దెబ్బ, మళ్ళీ మూడు. ఒక్క నిమిషంలో ఏ రెండు దెబ్బల మధ్యా ఒకే ఎడం లేదు.

"రేపే ఆసుపత్రికి వెళ్దాం," అన్నాను.

"రథసప్తమి పది రోజులున్నాది. సరుకు దిగతన్నాది. అది అయిపోనీ అక్కా, ఆ మర్నాడే వస్తాను."

ప్రకాశరావు వైపు చూశాను. "నేను సెప్తే ఇంటాదేటి వదినా?" అన్నాడు. ఏడాదికంతటికీ వాళ్ళ దుకాణానికి అది పెద్ద పండగ. పది రోజులే కదా అనుకున్నాను. లోపల ఏదో వద్దంటూనే ఉంది. అయినా సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఏడో రోజు పొద్దున్న పదింటికి స్కూల్లో ఉండగా ప్రకాశరావు ఫోన్. "వదినా, సుభద్ర కొబ్బరికాయ తీసి ఇవ్వబోతే సేతిలోంచి జారిపోనాది. తీద్దామంటే సెయ్యి లేవట్లేదు. మాట ముద్దముద్దగా వస్తన్నాది. మూతి ఓ పక్కకి పోనాది."

"ఆటో ఎక్కించు. ఇప్పుడే. నీళ్ళు కూడా పట్టకు, పొలమారిపోతుంది," అన్నాను. ఏ దేవుడు పలికించాడో తెలియదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి, పక్షవాతమని చెప్పి, మెదడులో గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకో గంటన్నర దాటి ఉంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వడానికి వీలుండేది కాదన్నారు. సాయంత్రానికి అంబులెన్సులో విశాఖపట్నం తీసుకెళ్ళాం. దారి పొడుగునా దాని తలవైపు ఉన్న తెర మీద అంకె చూస్తూ కూర్చున్నాను. నూట ముప్పై, నూట రెండు, నూట నలభై. ఒక్క చోట నిలవదు.

అక్కడి పెద్ద డాక్టరు ఎకో చేస్తూనే అడిగారు. "చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా ఈవిడకి?"

వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళప్పుడు. మోకాళ్ళు వాచి నెల్లాళ్ళు స్కూలు మానేసింది. ఆకు వేసి కట్టు కట్టారు, తగ్గిపోయింది, మరిచిపోయాం.

"రుమాటిక్ హార్ట్. ఆ జ్వరం అప్పుడే మైట్రల్ వాల్వుని కొరికేసింది. దారి సన్నబడింది. వెనక రక్తం నిలిచి గడ్డ కట్టింది, అందులో ముక్క మెదడుకి వెళ్ళింది. నాడి గతి తప్పిందంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇది నడకతో తగ్గేది కాదమ్మా. ఈ వాల్వుతో ఆవిడని నడిపించడమే ప్రమాదం." తర్వాత, "నాడి చూసుకునేదన్నారు. ఎలా లెక్కపెట్టేది?" అని అడిగారు.

"పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించమని నేనే చెప్పాను," అన్నాను.

"అలా చేస్తే అంకె వస్తుంది, గతి తప్పింది తెలీదు," అన్నారు.

అమ్మకీ ఇదే ఉండేదా అని అడిగాను. ఉండొచ్చు, ఇప్పుడు చెప్పలేమన్నారు.

సుభద్రకి మాట వారంలో చాలావరకు వచ్చింది. రెండు నెలల తర్వాత వాల్వు మార్చారు. ఆపరేషన్ థియేటరు బయట ఆరు గంటలు కూర్చున్నాం. నేను నా మణికట్టు ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

ఇప్పుడది దుకాణంలో కూర్చుంటోంది. కుడిచేతి రెండు వేళ్ళు పట్టు తప్పాయి, ఇక పువ్వులు కట్టలేకపోతోంది. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. రక్తం పలుచదనం చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పకూడదు. చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగుతుందో లేదోనని భయం. మొన్న వెళ్ళినప్పుడు దాని పక్కన కూర్చుని, "తప్పంతా నాదే సుభద్రా," అన్నాను. అది తల తిప్పకుండా దండలు సర్దుకుంటోంది.

"పండగ అయ్యాక ఎల్దామన్నది నేనే కదక్కా," అంది. ఇంకో దండ తీసి పెడుతూ, "కానీ దొంగతనం సేస్తన్నానన్నావు సూడు. అది మాత్రం మరుపు రావట్లేదు," అంది.

నేనూ ఒక దండ అందుకుని సర్దాను.

నా సంగతికొస్తే, రెండు గ్లాసుల కాఫీ, ఆరున్నర గంటల నిద్ర, రోజూ నలభై నిమిషాల నడక. ఈ పొద్దున్న డెబ్భై రెండు. అలవాట్లు నా గుండెకి మేలు చేశాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆ మేలు పరీక్షల తర్వాత మొదలైంది.

మీ నాడి వంద దాటుతుంటే ముందు ఒక ఈసీజీ, డాక్టరు చెబితే ఒక ఎకో. ఆ తర్వాతే నడక, నీళ్ళు, నిద్ర. రోజూ పొద్దున్న మంచం దిగకముందు నాడి చూసుకోండి. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, గుణించకండి. ఎన్నిసార్లు కొట్టుకుందో రాసుకోండి, సమంగా కొట్టుకుందో లేదో కూడా రాసుకోండి. సమంగా లేకపోతే ఆ రోజే వెళ్ళండి.