దుంపలో దాగిన చక్కెర

బడి రసాయనశాల అటెండరును పిల్లలు సీసాలాయన అంటారు. ఇరవై రెండేళ్లు గాజు గొట్టాలు కడిగీ కడిగీ, ద్రావణాలు కలిపీ కలిపీ, టీచర్లకంటే తనకే ఎక్కువ తెలుసన్న నమ్మకం ఆయనలో బాగా ముదిరింది. పాఠం మాత్రం ఏనాడూ చెవిన వేసుకోలేదు. గిన్నెలు తోమితే వంట వస్తుందా!

అక్కకు చక్కెర జబ్బని తెలిసిన వారమే ఆయన గొప్ప పని ఒకటి చేశాడు. ఆమె వంటింట్లో ఉన్నవన్నీ తలా కాస్త పొట్లాలు కట్టి బడికి పట్టుకెళ్లి, నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం పోసి వేడి చేశాడు. చక్కెర ఉంటే ఆ నీలం ఇటుక రంగుకు తిరుగుతుంది. పండ్లరసం తిరిగింది. ఉడికించిన బంగాళాదుంప నీలంగానే ఉండిపోయింది. వెన్నను కాగితానికి రాస్తే జిడ్డు మరక పడింది, అంటే కొవ్వు.

"అక్కా, వెన్న ముట్టుకోకు. దుంపలో మాత్రం చక్కెర రవ్వంత కూడా లేదు. కడుపు నిండా తిను."

తల్లి లేని ఇంట్లో ఆయన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. తమ్ముడు చెప్పాక ఇక తిరుగేముంది? రెండేళ్లు పూటపూటా దుంపలే తింది. "మావాడు పరీక్ష చేసి మరీ చెప్పాడు" అని ఇంటికొచ్చినవాళ్లందరి దగ్గరా గొప్పలు పోయింది. పోయిన నెల పుండు మానక ఆమె కాలి వేళ్లు రెండు తీసేశారు. ఖర్మ అనుకుని ఊరుకున్నాడు సీసాలాయన.

ఈ సోమవారం కొత్త టీచరమ్మ, ఇన్నాళ్లూ ఆ బడిలో ఎవరూ చేయించని ప్రయోగం చేయించింది. ఉడికిన దుంప గుజ్జులో ఉమ్ము కలిపి కాసేపు ఉంచారు. ద్రావణం పోసి గొట్టాన్ని వేడి చేసింది ఆయనే. నీలం కాస్తా పచ్చబడి, పసుపై, చివరికి ఇటుక రంగుకు తిరిగింది.

"మేడమ్, దుంపలో చక్కెర ఉండదు కదండీ?"

"పిండిపదార్థమంటే గ్లూకోజు గొలుసేనండీ. గొలుసుగా ఉన్నంతసేపూ ఈ పరీక్షకు దొరకదు. నోట్లో పడగానే తెగడం మొదలవుతుంది. పేగుల్లో అంతా గ్లూకోజే అయిపోయి రక్తంలో కలుస్తుంది. వాడుకోగా మిగిలింది ఒళ్లు కొవ్వుగా దాచుకుంటుంది."

అక్క కాలి వేళ్లు తీసింది డాక్టర్లు కాదు, తానేనని ఆయనకు అనిపించింది. మిడిమిడి జ్ఞానంతో కన్నతల్లిలాంటి అక్క కాలు పాడుచేశానని తనను తాను తిట్టుకున్నాడు.

సాయంత్రం అక్క గుమ్మందాకా వెళ్లి రెండుసార్లు వెనుదిరిగాడు. చెబితే ఆమె ముఖం చూడలేడు. చెప్పకపోతే ఆమె తింటూనే ఉంటుంది. చివరికి లోపలికి వెళ్లాడు. ఆమె మంచం మీద కూర్చుని దుంపలకు చెక్కు తీస్తోంది. ఆమె చేతిలోని కత్తి తీసుకుని పక్కన పెట్టాడు.

"అక్కా, నేను చెప్పింది తప్పు. తిన్నాక దుంపంతా చక్కెరే అవుతుందట. నీ కాలు నా వల్లే ఇలా అయింది" అంటూ భోరుమన్నాడు.

ఆమె కట్టు కట్టిన కాలి వైపు చూసింది.

"వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ దుంపలు మానమనే చెప్పిందిరా" అంది. "మా తమ్ముడికంటే నీకెక్కువ తెలుసా అని ప్రతిసారీ దెబ్బలాడి వచ్చాను."