పది గోళ్ళ మీద ఆకురాలే కాలం

ఆ రోజుల్లో ఫోన్‌లో ఏది చూస్తే అది నాకు వచ్చేసినట్టే అనుకునేదాన్ని. వీడియో పూర్తయ్యేసరికి నా చదువు కూడా పూర్తయ్యేది. అలా రెండు కేకులు మాడాయి, ఒక జాకెట్టుకు చేతులు రెండూ ఒకే వైపు మొలిచాయి (జాకెట్టు అమ్మది, ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ అన్నం పెట్టదు). డిగ్రీ చివరి ఏడాదిలో నా దృష్టి గోళ్ళ మీద పడింది. ఎక్కడో చలిదేశంలో ఒక అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని, గోళ్ళ మీద ఎరుపు, నారింజ, గోధుమ రంగుల్లో రాలే ఆకులు గీస్తోంది. వాళ్ళకు అది ఆకురాలే కాలమట. మొఘల్‌పురాలో మా పాతబస్తీ గల్లీకి ఉన్న ఒకే ఒక్క వేపచెట్టు అప్పటికి పచ్చగా నిండుగా ఉంది. మాఘమాసం దాకా దానికి ఆకులు రాల్చే ఆలోచనే రాదు. అయినా సరే, అది చేయని పని నేను చేస్తానని తీర్మానించుకున్నాను.

దొరికిపోయింది ఆపా. మా పై వాటాలో ఉండేవాళ్ళ పెద్దమ్మాయి, నాకు అక్కలాంటిది, ఇంటర్ లెక్కల్లో నన్ను గట్టెక్కించిన మనిషి. ఐదు రోజుల్లో ఆమె నిఖా. అరచేతులకు మెహందీ పెట్టే ఆవిడ ముందురోజు వస్తుంది, గోళ్ళు మాత్రం నావి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళింట్లో రంగుసీసాలు వరసగా పేర్చుకుని కూర్చున్నానో లేదో, వాళ్ళ నానీ (అంటే అమ్మమ్మ) కళ్ళజోడు సర్దుకుంది.

"పాలిష్ నక్కో బేటీ. గోరుకు నీళ్ళు తగలకుంటే వజూ కాదు, నమాజ్ కాదు."

వజూ అంటే నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కోవడం. సీసాలకు మూతలు పెట్టేశాను కానీ నా బుర్రకు పెట్టలేకపోయాను. "అయితే మెహందీతోనే గీస్త నానీ! ఎండుటాకు రంగు, మెహందీ రంగు ఒక్కటే గదా!" అన్నాను. నానీ కూడా తలూపింది. అంత తెలివైన ఆలోచన నాకు అంతకుముందెప్పుడూ రాలేదు (తరవాతా రాలేదు). "ముందుగాల నా గోళ్ళ మీద ఏస్కొని చూస్త ఆపా," అన్నాను మర్యాదగా. ఆపా రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టేసింది. "కైకు డర్తీ? భయమెందుకు, నీ మీద భరోసా ఉంది. వేసెయ్."

మొదటి ఆకు బాగానే వచ్చింది. రెండోదానికి ఆపాకు నవ్వొచ్చి చెయ్యి కదిలింది. గోరేమో నున్నన, మెహందీ కోను కన్నమేమో వెడల్పు, ముద్ద నిలవకుండా జారి ఆకు అంచులన్నీ ఉబ్బిపోయాయి. ఎండితే సర్దుకుంటుందని ఇద్దరం నమ్మాం. రెండు గంటలాగి గీకి చూస్తే, అప్పుడే పైకొచ్చిన మా అమ్మ చెంపన చెయ్యి పెట్టుకుంది.

"పెండ్లిపిల్ల చేతులకు గీ ఆముదపాకులేందే?"

"ఫికర్ నక్కో ఆంటీ, కడిగితే పోతది," అంది ఆపా.

"యాడ పోతది బిడ్డా? చేతులకు పెట్టిన మైదాకు పది రోజులకు పోతది. గోరుది, గోరు పెరిగిందాక పోదు."

ప్రతి ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునే నాకు ఆ సంగతి తెలీదా? తెలుసు. కానీ వీడియోలో పిల్ల దూదితో ఒక్క తుడుపు తుడవగానే గోరు తెల్లబడింది, నా కళ్ళలో అదే నిలిచిపోయింది. నిమ్మచెక్క, శనగపిండి, టూత్‌పేస్టు అన్నీ రుద్దాం. గోళ్ళు మెరిశాయి, ఆకులు ఇంకా బాగా కనిపించాయి. "అత్తగారోళ్ళు మొదలు చేతులే చూస్తరు," అని ఆపా మెల్లగా అనేసరికి నాకు ఏడుపాగలేదు. ఆమె తన ఆముదపాకుల చేతులతోనే నా కళ్ళు తుడిచింది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

నానీ మాత్రం మిగిలిన కోనులన్నీ గిన్నెలోకి పిండించి, ఆపా పది వేళ్ళకూ గోళ్ళతో సహా మొదటి కణుపు దాకా మందంగా పట్టించింది. "మా జమానాలో డిజైన్ ఎక్కడిది? గింతే," అంది. తెల్లారేసరికి వేలికొసలు ఎర్రగా పండి, ఆకులు ఆ ఎరుపులో మునిగిపోయాయి. నిఖా రోజున అత్తగారి వైపు పెద్దావిడలు ఆ చేతులు పట్టుకుని, ఇది పాతకాలపు రంగు, ఈ రోజుల్లో ఎవరు పెడుతున్నారని మురిసిపోయారు. నేను బిర్యానీలోంచి తలెత్తలేదు.

అయితే రెండుసార్లు పండిన చోట రంగు ముదురుగా ఉంటుంది కదా. నెల తిరక్కుండానే ఆపా ఫోన్ చేసింది. "అరే, నీ ఆకులు మళ్ళ లేచినయ్! మా ఆయన లెక్కపెడుతుండు!" ఆమె ప్రతి శుక్రవారం గోళ్ళు తీసుకుంటుంది. తీసుకున్నప్పుడల్లా ఏ వేలి ఆకు ఎంత పోయిందో నాకు ఫోన్‌లో చెప్పేది. కొత్త ఇంట్లో ఆమెకు తోచకపోవడం, పై వాటా బోసిపోయి నాకు తోచకపోవడం ఆ ఆకుల కబుర్లలోనే గడిచాయి. మాఘంలో ఒక శుక్రవారం, మా గల్లీ వేపచెట్టు ఆకులు దులుపుతుండగా, "బొటనవేలుది గూడ రాలింది. ఖతం," అని నవ్వింది. ఆ తర్వాత ఇద్దరికీ ఫోను పెట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు నేను, తొందరపడి నెరిసిన తలకు, మెహందీ పెట్టుకుంటున్నాను. ఏ వీడియో చూడకుండానే ఆకురాలే కాలం దానంతటదే వచ్చి నెత్తినెక్కింది. పోయిన నెల ఆపా పుట్టింటికొచ్చి, గిన్నె నా చేతిలోంచి లాక్కుంది. "ముందుగాల కొన్ని వెంట్రుకలకు పెట్టి చూడు ఆపా," అన్నాను.

"కైకు డర్తీ?" అంటూ నా తల వంచి, ఉత్త చేతులతోనే ముద్ద పట్టించసాగింది. అద్దంలో చూస్తే, ఆమె గోళ్ళన్నీ ఎర్రబడుతున్నాయి.