చేను మునిగిన నాటి పెంకు పురుగులు

మా నాయన మనిషి మీద చెయ్యి చేసుకోవడం నేను ఒక్కసారే చూశాను. అప్పుడు ఆయన చేతిలో పార ఉంది.

గోరంట్ల దగ్గర మా చేను వంకకు దిగువన ఉంటుంది. ఏళ్ల తరబడి ఇసుక తప్ప ఏమీ లేని ఆ వంక, మూడేళ్ల కిందట కార్తీకంలో మూడు రోజుల వానకు పొంగింది. కాలేజీలో జువాలజీ చెప్పే నేను వేరుశెనక్కాయ పీకే పనికని సెలవు పెట్టి ఊళ్లోనే ఉన్నాను.

మూడో రోజు పొద్దున పైచేను గట్టు తెగి నీళ్లన్నీ మా మీద పడ్డాయి. ముళ్లకంప దడిలోని మా గొర్రెలు బయటికి రాలేక ఒకదాని మీద ఒకటి ఎక్కి మునిగిపోయాయి. వాటి అరుపులు కాసేపటికే ఆగిపోయాయి.

గట్టు దానంతట అది తెగలేదు. పైచేను చిన్నాయనది; తన పంట కాపాడుకోవడానికి ఆయనే తెంచాడు. ఆయన నాయనకు పినతండ్రి కొడుకు.

"యాలరా తెంచినావు?" అంటూ నాయన గట్టెక్కాడు. వెనకే నేను పరుగెత్తాను.

"నా కాయ కొట్టుకపోతాంటే సూస్తా కూచోమంటావా అన్నా?"

"నా గొర్లు సచ్చినాయి రా!"

పార చిన్నాయన మోకాలి కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు వానలో కూడా వినబడింది. ఆయన గండిలో పడగానే నీళ్లు లాక్కుపోబోయాయి. నేను బోర్లా పడి ఆయన జుట్టు పట్టుకున్నాను. నాయన మళ్లీ పార ఎత్తాడు.

"నాయనా, వద్దు! సచ్చిపోతాడు!"

"సావనీ!"

అలా అన్న మనిషే మరుక్షణం పార విసిరేసి, నడుము లోతు నీళ్లలోకి దిగి తమ్ముణ్ణి చంకల కింద పట్టి పైకి లాగాడు. చర్మం చీల్చుకుని ఎముక తెల్లగా బయటికి వచ్చి ఉంది. ట్రాక్టర్‌లో ఆసుపత్రికి తీసుకుపోయారు. నాయన వెంట పోలేదు.

మూడు రోజులకు నీళ్లు తీశాయి. ఉబ్బిన గొర్రెలను కాళ్లు పట్టి ఈడ్చి ఇద్దరం గుంతలో పూడ్చాం. ఆ తవ్వకంలో, ఇంకా నీళ్లు నిలిచి ఉన్న చోట, ఒక రాయి కింద నల్ల పెంకు పురుగులు కనబడ్డాయి, వెల్లకిలా, కాళ్లు ముడుచుకుని. చచ్చినవే అనుకుని ఏడెనిమిదింటిని బండ మీద పరిచాను. ఎండ కొంచెం ఎక్కాక ఒకదాని కాలు కదిలింది. తరువాత మీసాలు.

"ఏముండాది ఆడ?" అన్నాడు నాయన.

"ఇవి బతికే ఉన్నాయి నాయనా."

"మూడు దినాలు నీళ్లల్లో ఉండా?"

వాటికి ముక్కు లేదని, ఒంటి పక్కనుండే సన్న రంధ్రాలతో గాలి పీలుస్తాయని చెప్పాను. నీళ్లు వస్తే వాటిని మూసుకుంటాయి. రెక్కల డిప్పల కింద మిగిలిన కాస్త గాలి తొందరగానే అయిపోతుంది. అప్పుడు కదలడం మానేసి, ఒంట్లో పనులన్నీ దాదాపు ఆపేసుకుని పడి ఉంటాయి. చలి నీళ్లయితే కొన్ని రకాలు రోజుల తరబడి అలాగే ఓర్చుకుంటాయి. గిలగిలా కొట్టుకునే ప్రాణికే గాలి ఎక్కువ కావాలి.

నాయన అంతా విన్నాడు. బండ మీద ఒక పురుగు లేచి నడవసాగింది. ఆయన మడమతో దాన్ని నలిపేశాడు. పక్కదాన్ని, దాని పక్కదాన్ని కూడా.

"నా గొర్లకు రాలేదే ఈ విద్దె!" అని అరిచాడు. ఆ బండ మీదే కూలబడి, గొర్రెల వాసన కొట్టే చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. రెండు పురుగులు మాత్రం బండ నెర్రెలో దూరి తప్పించుకున్నాయి.

చిన్నాయన కాలు పొట్టిదయింది. గట్టు మీంచి జారి పడ్డానని డాక్టరుతో చెప్పాడట. ఆ సంగతి నెల తరువాత నేను చెబితే, నాయన తింటున్న ముద్ద పళ్లెంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఎండాకాలంలో ఆయన ఒక్కడే రాళ్లు మోసి గండి పూడ్చాడు. చిన్నాయన చేతికర్రతో వచ్చి కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రాయి ఇంకొంచెం లోపలికి జరుపన్నా" అన్నాడు.

నాయన జరిపాడు.