శాంతకుమారి చూపించిన శుక్రుడు

మనవాళ్లు ఒకరి భుజాన శాలువా కప్పారంటే, ఇక మీరు లేచి పనిచెయ్యనక్కర్లేదని మర్యాదగా చెప్పినట్టే. శంషాబాద్‌లో ముప్పయ్యేళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన శాంతకుమారికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే బడి కరస్పాండెంటు నరేందర్ ఇంటికొచ్చి, "మేడమ్, ఈసారి ఆకాశం పండుగకు మీరే ముఖ్య అతిథి. శాలువా గిట్ల అన్నీ తెస్తున్నం," అనగానే ఆవిడ మొహం మాడిపోయింది.

"మరి జనానికి ఆకాశం ఎవరు చూపిస్తారండీ?"

"రుబీనా చూపిస్తది. మీ దగ్గర చదువుకున్న పిల్లనే గద మేడమ్!"

తన దగ్గర చదువుకున్న పిల్ల! కడుపుమంట అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియనివాడు మనల్ని దాటిపోతే వాడి అదృష్టం అనుకుని ఊరుకుంటాం. మనం ఓనమాలు దిద్దించిన పిల్ల దాటిపోతే మాత్రం నిద్ర పట్టదు. నేను తిరిగిన ఊళ్లలో సంగీతం పంతుళ్లను చూశాను, వస్తాదులను చూశాను, వంటవాళ్లను చూశాను. శిష్యుడి పేరు ఎత్తగానే గర్వంగా నవ్వి, ఆ వెంటనే గొంతు సవరించుకోని గురువు ఒక్కడూ కనబడలేదు.

ఆకాశం పండుగ శాంతకుమారి పెట్టిందే. తెనాలి నుంచి భర్త ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినప్పుడు ఊరి చుట్టూ ద్రాక్షతోటలు ఉండేవి, చీకటి చిక్కగా పడేది. బడిలో దుర్భిణి కొనే స్తోమత లేదు. ఆవిడ ఒక నల్ల గొడుగు తీసుకుని లోపలి గుడ్డ మీద తెల్ల గుండీలు కుట్టింది. నడిమధ్యన ధ్రువుడు, చుట్టూ సప్తర్షులు. గొడుగు కింద పిల్లను నిలబెట్టి కర్ర తిప్పితే ధ్రువుడు కదలడు, తక్కినవన్నీ గిర్రున తిరుగుతాయి. తిరిగేది ఆకాశం కాదు, మనమే అని ఆ తర్వాత చెప్పేది. వేసవి సెలవులకు ముందు ఒక సాయంత్రం బడి మైదానంలో ఈ ముచ్చటంతా జరిగేది. పక్క ఊళ్లు పాల్మాకుల నుంచీ కొత్వాల్‌గూడ నుంచీ కూడా పెద్దలు వచ్చేవారు.

తర్వాత విమానాశ్రయం వచ్చింది. దానితో ఈ ఊరికి ప్రత్యేకమైన చిక్కొకటి వచ్చిపడింది. పడమర నుంచి దిగే విమానం సూటిగా మనవైపే వస్తుంటే దాని దీపం చాలాసేపు కదలదు. అచ్చం చుక్కలా ఆకాశంలో వేలాడుతుంది. దానికి శాంతకుమారి ఒక నియమం పెట్టింది. వెలుగును జెండాకర్ర కొసకు ఆనించి చూడాలి. మనసులో పదమూడో ఎక్కం మొత్తం చదవాలి. అప్పటికీ అది కదలకుండా, పెరగకుండా ఉంటేనే చుక్క అని నోరు తెరవాలి. ఆ బడిలో చదివినవాళ్లు పెళ్లిళ్లయి పిల్లలను కన్నాక కూడా మెరిసేది కనిపిస్తే పెదాలు కదుపుతారు.

ఇప్పుడు రుబీనా అదే బడిలో టీచరు. గాలి కొడితే ఉబ్బే గుడారం ఒకటి తెప్పించింది. లోపల కూర్చుంటే నెత్తిన ఆకాశమంతా పరుచుకుంటుంది. చేతిలో పలక లాంటి టాబ్. దాని మీద వేలితో తోస్తే వెయ్యేళ్లు ముందుకు జరుగుతాయి, రెండు వేళ్లతో సాగదీస్తే శని వలయాలు మొహం మీదికి వస్తాయి. పిల్లలే తోస్తారు, పిల్లలే సాగదీస్తారు, ప్రశ్నలూ వాళ్లే వేస్తారు. పండుగకు ముందు శాంతకుమారిని ప్రత్యేకంగా పిలిచి చూపించింది. గుడారంలో పాలపుంత లేచి మెల్లగా తిరుగుతుంటే ఆవిడ మెడ వెనక్కి వాల్చి చూసింది. ఇన్నేళ్లు గుండీలతో చెప్పాలనుకున్నది ఇదే కదా అనిపించింది.

బయటికి వచ్చి మాత్రం, "లోపల ఉక్కగా ఉందమ్మా," అంది.

"ఫ్యాన్ పెట్టిస్త మేడమ్," అంది రుబీనా వినయంగా. ఆ వినయం కూడా శాంతకుమారికి గిట్టలేదు.

ఇంటికొస్తే కోడలు బిందు, "అత్తయ్యా, ఇంక గొడుగు అటక మీద పెట్టేయనా? హాల్లో అడ్డంగా ఉంది," అంది. ఆ పూట శాంతకుమారి అన్నం సగంలో వదిలేసి లేచింది.

పండుగ రోజు సూర్యుడు దిగగానే శాలువా కప్పారు. మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు రుబీనా చేతిలో ఉంది. గుడారం ముందు ఒక వరుస, టాబ్ ముందు ఒక వరుస. మిగిలిన జనం శుక్రుడి కోసం పడమరకేసి చూస్తున్నారు.

"మబ్బు చాటుకు ఉన్నడు. జర ఆగుండ్రి, వస్తడు," అంటోంది రుబీనా.

జనం కాళ్లు మార్చుకుంటున్నారు. అప్పుడు కనిపించింది శాంతకుమారికి, జెండాకర్ర పక్కనే, తెల్లగా, నిలకడగా. రుబీనా అటు చూడటం లేదు. ఇదే సమయం. శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా లేచి, ఆ పిల్ల చేతిలోంచి మైకు అందుకుని, "అదిగోనండీ శుక్రుడు!" అంది.

మైదానమంతా తల ఊపింది. మిట్టమధ్యాహ్నం పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూడమంటే, ఎర్రటి ఎండలోకి కళ్లు చికిలించి, కనిపించింది అని ఒప్పుకునే జాతి మనది. వెలిగేదాన్ని చూపిస్తే కాదంటామా? "ఎంత మెరుస్తుండో!" అన్నారెవరో. కొందరు దణ్ణం కూడా పెట్టారు. రుబీనా మాత్రం పెదాలు కదుపుతోంది.

శుక్రుడు పెద్దవాడయ్యాడు. ఇంకాస్త పెరిగి, రెండుగా చీలి, పక్కన ఎర్రదీపం ఆకుపచ్చదీపం వెలిగించుకుని, మైదానం మీదుగా హోరుమంటూ వెళ్లి రన్‌వే వైపు దిగాడు.

ఆ వెనక నవ్వులు.

"శుక్రుడు దిగిండు మేడమ్! క్యాబ్ చెప్పాల్నా?" అని అరిచాడొక గడుగ్గాయి.

"లగేజి గిట్ల ఉన్నదేమో అడగరా!"

శాంతకుమారి మైకు దించింది. రుబీనా మెల్లగా మైకు తీసుకుంది.

"నవ్వకుండ్రి. మేడమ్ మనకు పరీక్ష పెట్టిండ్రు. మా చిన్నప్పుడు గూడ గిట్లనే పెట్టేటోళ్లు. ఇగ చెప్పుండ్రి, ఎంతమంది ఆగి చూసిండ్రు? చేతులెత్తుండ్రి."

చేతులు లేవలేదు. అందరూ నాలుక కరుచుకున్నారు. తర్వాత చప్పట్లు మోగాయి. నరేందర్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. పరువు దక్కింది.

దక్కింది గానీ, ఆ చప్పట్లు శాంతకుమారికి వేన్నీళ్లలా తగిలాయి. మైకు పోయింది, మైదానం పోయింది, చివరికి తన తప్పు కూడా ఆ పిల్ల పాఠంగా మార్చేసుకుంది. రేపటి నుంచీ శంషాబాద్‌లో తనకు మిగిలే పేరు రుబీనా దయతో ఇచ్చిందే. నవ్వులపాలైనవాడు ఇంటికెళ్లి తలుపేసుకోవచ్చు. దయకు పాత్రుడైనవాడు వీధిలో కనబడినప్పుడల్లా నమస్కారం పెట్టాలి.

ఆవిడ మళ్లీ మైకు లాక్కుంది.

"పరీక్షా లేదు, ఏమీ లేదండీ. పొరపాటు పడ్డాను. రుబీనా కన్నా ముందు నేనే చూపించాలన్న తొందరలో నేను పెట్టిన నియమం నేనే మరిచాను. అంతే."

"అయ్యో, మేడమ్..." అంది రుబీనా.

"నువ్వూరుకోవమ్మా. నా తప్పు నాకుండనీ."

చీకటి పడుతుండగా వరుసలు మళ్లీ కదిలాయి. గుడారం దగ్గర ఎవరో పిలిస్తే రుబీనా అటు వెళ్లింది. శాంతకుమారి కుర్చీ ఎక్కడుందో వెతుక్కుంటుంటే పాల్మాకుల రైతు కుర్మయ్య దగ్గరికొచ్చాడు.

"మేడమ్, నేను గూడ ఎప్పుడు జూసినా విమానాన్నే చుక్క అనుకుంట. ఇంట్ల నవ్వుతరు. మీరు గూడ పొరపాటు పడ్డరంటే పానం నిమ్మళమైంది. గొల్లకావడి మూడు చుక్కలు నాకెరుకనే. దాని పక్కకు గా ఎర్రచుక్క ఏంది?"

శాంతకుమారి కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. అటువైపు మబ్బు లేదు. చుక్క కదలడం లేదు. ఈసారి తొందరపడలేదు.

"అది ఆర్ద్ర."

"ఆరుద్రనా! కార్తె వస్తే నాట్లేస్తం గానీ, చుక్కను ఎన్నడు చూడలే."

"ముసలి నక్షత్రం కుర్మయ్యా. బాగా ఉబ్బిపోయింది. తెచ్చి మన సూర్యుడి చోట పెడితే భూమి కూడా దాని కడుపులోనే ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు పేలిపోతుంది. ఆనాడు పట్టపగలు కూడా కనిపిస్తుంది."

"పగటి పూటనా?" అంటూ వెనక ఇద్దరు ముగ్గురు ఆగారు. టాబ్ వరుసలోంచి ఒకావిడ పిల్లను ఎత్తుకుని ఇటు వచ్చింది.

శాంతకుమారి చెబుతూనే ఒక కంట గుడారం వైపు చూసింది, రుబీనా గమనిస్తోందా అని. గమనించడం లేదు. ఎవరి పిల్లకో వేలు పట్టి వలయాలు సాగదీయడం నేర్పిస్తూ నవ్వుతోంది.

శాంతకుమారి గొంతు ఇంకాస్త పెంచింది.